కబినికి కాదు, ముందు క్యాసంబళ్ళికి

వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీలో స్థిరపడాలనుకునే కుర్రాళ్లను ఇంతవరకు ఏం తీశారని అడిగితే, ఎక్కువమంది ఫోన్ తెరిచి చూపించేది కబిని పులి, బండీపుర ఏనుగు. సఫారీ జీపులో ఆరుగురు కూర్చుని ఒకే పులిని తీస్తే ఆరు ఫొటోలూ ఒకేలా ఉంటాయి. అలాంటివి ఎడిటర్లకు కావలసినన్ని వస్తుంటాయి. అందుకే కోలారు జిల్లాలోని క్యాసంబళ్ళి, బేతమంగళ, ఆండర్సన్‌పేట పిల్లలకు నేను చెప్పే మాట ఒక్కటే. పొద్దున్నే బండి మీద వెళ్లి, పనివేళకు ఇల్లు చేరగల దూరంలో ఏముందో దాన్ని తీయండి. ఒకే చోటికి ఏడాది పొడుగునా వెళ్లే వీలు బెంగళూరు నుంచి వచ్చేవాడికి ఉండదు. మీకు ఉంది.

అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కు ఉంది. వాన, గాలి నేలను కోసి గోడలుగా, మొనలుగా, గండ్లుగా చేసిన చోటది. చుట్టూ గడ్డినేల, అందులో బైసన్ల మందలు. ఆ ఫొటోలు చూసి నోరు వెళ్లబెట్టే మనవాళ్లే, అదే తీరున కోతపడ్డ కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) దిబ్బల పక్కనుంచి రోజూ వెళ్తూ అటు తలైనా తిప్పరు. గనిలోంచి తీసిన రాయిని మిల్లులో పిండి చేసి, సైనైడ్ ద్రావణంతో బంగారం లాగేశాక మిగిలిన పొడే ఆ దిబ్బలు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ (బీజీఎంఎల్) గనులు మూతపడ్డాయి. ఆ నూటఇరవై ఏళ్ల పని మిగిల్చినవి పదమూడు దిబ్బలు, సుమారు 3.3 కోట్ల టన్నుల పొడి. రాయి కాదు, పొడి. అందుకే ప్రతి వానకూ కొత్త కోత పడుతుంది. సినిమావాళ్లు దీని అందం ఎప్పుడో కనిపెట్టారు. 2018లో వచ్చిన ‘కేజీఎఫ్’ షూటింగు ఇక్కడ కూడా జరిగింది.

ఈ దిబ్బలు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని అనుకోవద్దు. వాటిలో ఇంకా మిగిలిన బంగారాన్ని తీసేందుకు, సుమారు వెయ్యి ఎకరాల్లో ఉన్న ఈ పదమూడు దిబ్బలనూ మళ్లీ తవ్వే ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం 2024 జూన్‌లో సమ్మతి తెలిపింది. కనుక ఇప్పుడు తీసిన ఫొటో రేపటికి రికార్డు అవుతుంది. పత్రికలకు, పరిశోధకులకు, మ్యూజియంలకు అందమైన ఫొటో కంటే అలాంటి రికార్డే ఎక్కువ కావాలి.

అసలు కష్టం ఎక్స్‌పోజరుతో మొదలవుతుంది. దిబ్బ తెల్లగా మెరుస్తుంటుంది. ఆ తెలుపును చూసి కెమెరా మీటరు వెలుతురు ఎక్కువైందనుకుని ఫొటోను బూడిదరంగుకి దించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఒక స్టాప్ దాకా పెంచి, హిస్టోగ్రామ్ కుడి అంచు కొట్టుకుపోకుండా చూసుకోండి. రా ఫైలుగానే తీయండి. ఇక కృష్ణజింక సంగతి. బంగారు గనుల భూముల్లో వాటి మందలు తిరుగుతుంటాయి. మగదానికి వీపు నలుపు, పొట్ట తెలుపు. తెల్లని నేల ముందు నల్లని జంతువు నిలబడితే రెండింటినీ కాపాడే వెలుతురు సూర్యోదయం తర్వాత కొద్దిసేపే దొరుకుతుంది. కోతల లోతు కూడా ఏటవాలు ఎండలోనే తెలుస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చిందంటే దిబ్బ అంతా చదునుగా, సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది. ఆషాఢపు గాలి లేచినప్పుడు అక్కడ లెన్సు మార్చకండి. ఆ ధూళి సెన్సారుకే కాదు, ఊపిరితిత్తులకూ చేటు. వాన పడ్డాక కోతల అంచుల మీదికి ఎక్కడం మరీ ప్రమాదం, అవి విరిగి జారతాయి. పాత గనుల గుంతలూ ఉన్నాయి. బీజీఎంఎల్ ఆధీనంలోని భూమిలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. రోడ్డు మీద నిలబడి పొడవు లెన్సుతో తీసినా మంచి ఫొటోలే వస్తాయి. కొత్తవాళ్లు ఈ మాట నమ్మరు.

లెన్సు కొనడానికి అప్పు చేయకండి. బెంగళూరులో రోజు అద్దెకు దొరుకుతాయి. సెకండ్ హ్యాండ్ బాడీ ఒకటి, మామూలు జూమ్ ఒకటి ఉంటే మొదటి ఏడాది గడిచిపోతుంది.

దిబ్బలు ఒక్కటే కాదు. కోలారు పక్కన అంతరగంగె కొండల్లో గుండ్లు, గుహలు ఉన్నాయి. ఆంధ్ర సరిహద్దు దాటితే పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం. ఏనుగులు రాష్ట్రాల హద్దు చూసుకోవు, కామసముద్రం వైపు పంటల్లోకీ దిగుతుంటాయి. రాత్రిపూట వాటి వెంట పడడం ఫొటోగ్రఫీ కాదు, ప్రాణం మీదికి తెచ్చుకోవడం. తెల్లారాక తొక్కేసిన రాగి చేలో నిలబడ్డ రైతును తీయండి, అది కథ. కోలారు జిల్లా హనుమనహళ్ళి గుహలో ఉండే గబ్బిలం జాతి ఇప్పుడు ప్రపంచంలో ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు. మిగిలినవి రెండు వందలకు లోపే. వాటి గుహలోకి ఫ్లాష్ పట్టుకుని వెళ్లాలన్న ఆలోచనే వద్దు. కొన్ని ఫొటోలు తీయకపోవడం కూడా ఈ వృత్తిలో భాగమే. అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. డ్రోన్ కొనేముందు, దాన్ని ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై మ్యాపు చూసుకోండి.

ఇక ఇంట్లో అమ్మానాన్న అడిగే ప్రశ్న: దీంతో కడుపు నిండుతుందా? ఫొటోలు అమ్ముకుని మాత్రమే బతికేవాళ్లు చాలా తక్కువ. వర్క్‌షాపులు, టూర్లు నడపడం, స్వచ్ఛంద సంస్థలకు డాక్యుమెంటేషన్ చేయడం, డాక్యుమెంటరీ బృందాల్లో అసిస్టెంటుగా చేరడం, జంగిల్ లాడ్జెస్ లాంటి చోట్ల నేచురలిస్టు ఉద్యోగం, వీటి మీద ఇల్లు గడుస్తుంది. మొదట్లో పెళ్లిళ్లు తీయండి, చిన్నతనం కాదు. జనాన్ని కదిలించకుండా దగ్గరికి వెళ్లడం, వెలుతురు చెడినా పని ఆపకపోవడం అక్కడే వస్తాయి. రోజూ రైల్లో బెంగళూరు వెళ్లొచ్చే ఉద్యోగం ఉంటే మానకండి. యాహూలో ఇంజినీరుగా పనిచేసిన కల్యాణ్ వర్మ తర్వాత పూర్తిగా ఇటు వచ్చి, అమోఘవర్షతో కలిసి 2019లో ‘వైల్డ్ కర్ణాటక’ తీశారు. డేవిడ్ అటెన్‌బరో వ్యాఖ్యానం చెప్పిన ఆ సినిమాకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. కానీ అది ఉద్యోగం మానేసిన మర్నాడే జరిగింది కాదు.

చదువు కావాలంటే ఇంటర్ లేదా పీయూసీ తర్వాత హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో ఫొటోగ్రఫీ, విజువల్ కమ్యూనికేషన్‌లో బీఎఫ్ఏ ఉంది. డిగ్రీ అయ్యాక గాంధీనగర్ ఎన్‌ఐడీలో ఫొటోగ్రఫీ డిజైన్ ఎండిజైన్. ఊటీలో లైట్ అండ్ లైఫ్ అకాడమీ. సైన్స్ మీద మనసుంటే డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ (డబ్ల్యూఐఐ)లోగాని బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లోగాని వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ చేయండి. నా దృష్టిలో అదే మేలు. జంతువు మరుక్షణం ఏం చేస్తుందో తెలిసినవాడు క్లిక్ కోసం కంగారుపడడు.

పోర్ట్‌ఫోలియోకి పన్నెండు ఫొటోలు చాలు. ప్రతిదాని కింద తేదీ, ఊరు, జంతువు పేరు, ఏం జరుగుతోందో రెండు వాక్యాలు. ఊరి పేరు రాసే చోట ‘బెంగళూరు దగ్గర’ అని రాసేవాళ్లున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక మైసూరుకు తొలి ముఖ్యమంత్రి అయిన కె.సి. రెడ్డి పుట్టిన ఊరు క్యాసంబళ్ళి. మొహమాటపడకుండా ఆ పేరే రాయండి. పదిహేడేళ్లు దాటనివాళ్లు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీకి రుసుము లేకుండా పంపొచ్చు. 2023లో పదేళ్లలోపు విభాగంలో గెలిచింది బెంగళూరు పిల్లాడు. తీసింది పులిని కాదు, దేవనహళ్ళి దగ్గర నల్లూరు చింతతోపులో సాలీడుని.