మూరెడు ఓడ

ఉద్దేశం : చేతిపని వల్ల అలవడే పరిశీలననూ, కొలత పట్ల నిజాయితీనీ విద్యార్థులకు తెలియజేయడం. తెలుగువారి నౌకాచరిత్రను పరిచయం చేయడం.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతాలకు సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. అక్కడి ప్రజలకు పరిచయమైనవి కూరగాయల మళ్లు, పూలతోటలు, బీజాపూరు రహదారికి ఇరువైపులా నీడనిచ్చే మర్రిచెట్లు. మొయినాబాదుకు ఒక వైపున ఉస్మాన్‌సాగర్, మరొక వైపున హిమాయత్‌సాగర్ ఉన్నాయి. 1908 నాటి మూసీ వరదల అనంతరం ఈ జలాశయాలను తలపెట్టారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయ్యాయి. అక్కడి నీరు మూసీగా సాగి, వాడపల్లి వద్ద కృష్ణానదిలో కలిసి, చివరకు బంగాళాఖాతం చేరుతుంది. ఈ నేలకు సముద్రంతో ఉన్న బంధుత్వం అంతమాత్రమే. ఇటువంటి చోట ఒక విద్యార్థి కొయ్యముక్కతో ఓడను చేయబూనితే, ఇరుగుపొరుగువారు ఆశ్చర్యపడడం సహజం.

అయితే మెట్ట ప్రాంతానికీ ఓడకూ గల సంబంధం కొత్తది కాదు. దక్కను పీఠభూమిని ఏలిన శాతవాహనులు తమ నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మను ముద్రించారు. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల పేర ఇటువంటి నాణేలు లభించాయి. అరచేతిలో ఇమిడే ఆ బొమ్మ వల్లనే ఆనాటి నౌకల ఆకారం కొంతైనా మనకు తెలిసింది. సముద్రానికి దూరంగా ఓరుగల్లులో కొలువుతీరిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనం వేయించాడు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాట ఇచ్చాడు.

గోదావరీ ముఖద్వారంలోని కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి పేరు పొందింది. 1789లోనూ, 1839లోనూ సంభవించిన పెను తుపానులు ఆ రేవును దెబ్బతీశాయి. తరువాతి కాలంలో ఆ కీర్తి విశాఖపట్టణానికి దక్కింది. అక్కడ సింధియా సంస్థ నెలకొల్పిన నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ నీట ప్రవేశపెట్టారు. స్వతంత్ర భారతదేశంలో నిర్మితమైన మొదటి ఓడ అది.

ఓడ ఆయుష్షు మనిషి ఆయుష్షు కంటె తక్కువ. సరుకుల ఓడ సాధారణంగా పాతిక ముప్పై ఏళ్లు పనిచేస్తుంది. ఆపై దానిని ముక్కలు చేసి ఇనుముగా అమ్మివేస్తారు. దేవాలయం, కోట శిథిలమైనా కొన్ని రాళ్లు మిగులుతాయి. ఓడకు ఆ భాగ్యం లేదు. అది కాలగర్భంలో కలిసిన పిమ్మట దాని రూపాన్ని మూడు దిక్కుల నుంచి చూపగలిగినది నమూనా ఒక్కటే. అందువల్ల నమూనా చేసేవాడి మీద ఒక బాధ్యత ఉన్నది. అతడు తప్పు చేస్తే, చూసేవారి మనస్సులో ఆ తప్పే ఓడగా నిలిచిపోతుంది.

ఈ కారణం చేతనే అనుభవజ్ఞులు కొయ్యను ముట్టకముందు కొలబద్దను చేపడతారు. విశాఖ సముద్రతీరాన ఉన్న ‘కురుసుర’ జలాంతర్గామిని ఉదాహరణగా తీసుకుందాం. 1969లో నౌకాదళంలో చేరిన ఈ నౌక 2001లో విశ్రాంతి పొంది, 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలిచి ఉన్నది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. 200 వంతులలో ఒక వంతుగా నమూనా చేస్తే అది 45.5 సెంటీమీటర్లకు, అంటే ఇంచుమించు మూరెడుకు వస్తుంది. 170 సెంటీమీటర్ల ఎత్తు గల నావికుడు ఆ నమూనాలో 8.5 మిల్లీమీటర్లే ఉంటాడు. చేయి తడబడి ఒక మిల్లీమీటరు ఎక్కువైతే, అసలు ఓడలో 20 సెంటీమీటర్లు పెరిగినట్లే. ఓడ అంచున కమ్మీలకు బదులుగా ఒక మిల్లీమీటరు మందం గల తీగను అమర్చితే, నావికులు దూలాలను పట్టుకొని నిలబడినట్లు కనిపిస్తుంది.

కొలతలు కుదిరాక నిర్మాణం మొదలవుతుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కొయ్య తేలికైనది, మెత్తనిది, చెక్కడానికి అనువైనది. పలుచని పలకలను ఒకదానిపై ఒకటి అతికించి, ఆరిన తరువాత చెక్కడం ఒక పద్ధతి. పటం ప్రకారం కత్తిరించిన అట్ట అచ్చును మాటిమాటికి పక్కన ఆనించి వంపును సరిచూసుకోవాలి. తెరచాప ఓడలకు మరొక పద్ధతి ఉన్నది. వెన్నుదూలం నిలిపి, దానికి పక్కటెముకల వలె చట్రాలు బిగించి, నీటిలో నానబెట్టి వంచిన సన్నని బద్దలను వాటిపై అతికిస్తారు. కుడివైపున ఒక బద్ద అతికిస్తే, ఎడమవైపున మరొకటి అతికించాలి. ఒకే వైపు పని పూర్తిచేయబోతే వెన్నుదూలం మెలితిరిగిపోతుంది. తొందరపాటు ఫలితం ఓడ ముందుమొన అయిన అణియం నుంచి వెనుకభాగమైన అమరం దాకా కనిపిస్తుంది. స్తంభాలకు వెదురు పుల్లలు, మోకులకు నూలుదారాలు, లంగరుకు రాగితీగ సరిపోతాయి.

రంగులు వేయడం చివరి ఘట్టం. ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ముందుగా ఒక పూత వేసి ఆరనివ్వాలి. చిక్కని ఒక పూత కంటె పలుచని మూడు పూతలు మేలు. చిక్కని రంగు చిన్నచిన్న చెక్కడాలను కప్పివేస్తుంది. అనేక ఓడలకు నీటిలో మునిగే భాగం ఎర్రగా ఉంటుంది. నత్తలూ నాచూ పట్టకుండా రాగి సమ్మేళనాలు కలిపిన రంగును అక్కడ పూయడం వల్ల ఆ ఎరుపు ఏర్పడింది. దూరాన ఉన్న ఓడ రంగు కొంత వెలసినట్లు కనబడుతుంది. అందుచేత నమూనాకు వేసే రంగులో కొద్దిగా తెలుపు కలుపుతారు. అసలు ఓడ మీది రంగునే యథాతథంగా వేస్తే అది బొమ్మలా మెరుస్తుంది.

పూర్తయిన నమూనాను నీటిపై చూడాలని ఉబలాటపడడం సహజమే. కాని గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి కోసం నిర్మించినవి. ఇంటి నీటితొట్టి అందుకు చాలు. ఒకపక్కకు ఒరిగితే ఎక్కడ బరువు ఎక్కువైనదో ఆ తొట్టిలోని నీరే చెబుతుంది.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని మన పెద్దలు కలిమిలేముల గురించి చెప్పారు. బండ్లు తిరిగే చేవెళ్ల బాటలో ఓడను తయారుచేసే విద్యార్థి ఆ సామెతకు మరొక అర్థం కల్పిస్తున్నాడు. అతడు సముద్రాన్ని చూడకపోవచ్చు. అయినా ఒక చట్రాన్ని మూడుసార్లు కొలిచి, నాలుగవసారి కోయడం నేర్చుకుంటాడు. ఎవరూ చూడని అడుగుభాగాన్ని కూడా పటంలో ఉన్నట్లే చెక్కుతాడు. రేపు అతడు వంతెన కట్టినా, మందు తూచినా, పొలం కొలిచినా ఆ అలవాటు అతని చేతిని విడువదు.

అర్థాలు
అభయశాసనం = రక్షణ కల్పిస్తానని తెలిపే రాజాజ్ఞ
సుంకం = పన్ను
మోకు = లావైన తాడు
జలాంతర్గామి = నీటి లోపల ప్రయాణించే నౌక

ప్రశ్నలు
1. మెట్ట ప్రాంతపు రాజులకు ఓడలతో గల సంబంధాన్ని వివరించండి.
2. నమూనా చేసేవాడి మీద బాధ్యత ఉన్నదని ఎందుకు చెప్పవచ్చు?
3. 50 మీటర్ల ఓడను 200 వంతులలో ఒక వంతుగా చేస్తే నమూనా పొడవు ఎంత?
4. ‘తొందరపాటు ఫలితం అణియం నుంచి అమరం దాకా కనిపిస్తుంది’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.