నిష్టపతి – నిస్తపతి: షత్వవిధియందలి లోహకర్మ

పాణిని అష్టాధ్యాయి అష్టమాధ్యాయ తృతీయపాదమున, ‘తప’ ధాతువు పరమైనపుడు ‘నిస్’ ఉపసర్గ సకారమునకు, ఆసేవనము కానిచో, షత్వము విధింపబడినది. ఆసేవనమనగా ఒక పనిని మరల మరల చేయుట. బంగారమునకు ఒక్కసారి అగ్నిస్పర్శ కలిగించినచో, షత్వమును పిదప ష్టుత్వమును వచ్చి ‘నిష్టపతి’ యగును. సువర్ణకారుడు మాటిమాటికి కలిగించినచో ‘నిస్తపతి’ యనియే నిలుచును. కాశికావృత్తి చూపిన ఉదాహరణ ప్రత్యుదాహరణములివి.

సువర్ణకారుడు మరల మరల ఏల కాల్చును? వృత్తి హేతువును చెప్పదు. శుద్ధికొరకని నేను పెక్కేండ్లు పాఠము చెప్పితిని. ‘శుద్ధి చేసిన పిదప కూడ కాల్చుచునే యుందురు కదా?’ అని ఒక విద్యార్థి అడుగగా సమాధానము తోపలేదు. ఇద్దరమును ఒక కంసాలి కొట్టునకు పోతిమి.

అతడు వెండి రేకును దాగలిపై సుత్తితో సాగగొట్టుచుండెను. కొంతసేపటికి రేకు లొంగుట తగ్గి, సుత్తి ఎగిరిపడసాగెను. ‘బిరుసెక్కింది. ఇంకా కొడితే అంచు పగులుతుంది’ అని, దానిని గ్యాసుమంటతో మసక ఎరుపు వచ్చువరకు కాల్చి నీట ముంచెను. తీసి కొట్టగా మరల మెత్తగా సాగెను. ఎన్నిమార్లిట్లు చేయవలెనని అడిగితిని. ‘ఎన్నిమార్లు బిరుసెక్కితే అన్నిమార్లు, శాస్త్రిగారూ’ అనెను. నగలు చేయు 22 కారట్ల బంగారమునకును ఇదే ధర్మమని చెప్పెను.

దెబ్బలు తిన్న లోహమునందలి సూక్ష్మస్ఫటికములు సాగి, వానిలోని పొరలు జారుట కష్టమగును. అదియే కాఠిన్యము. తగిన వేడిమి సోకినపుడు వాని స్థానమున క్రొత్త స్ఫటికములేర్పడి మార్దవము తిరిగి వచ్చును. ఇందుకు లోహము కరగనక్కరలేదు. వెండి 962, రాగి 1085 సెంటిగ్రేడు డిగ్రీలవద్ద కరగును. మెత్తబడుటకు సుమారు 600 చాలును. మితిమీరి కాల్చినచో స్ఫటికములు పెరిగి రేకు గరుకగును. ఎర్రగా కాల్చి నీట ముంచిన ఉక్కు గట్టిపడును గాని, రాగి, వెండి అట్లు గట్టిపడవు.

కావున సువర్ణకారుని పనియందు ఆసేవనము లోహస్వభావమే విధించిన నియమము. ప్రత్యుదాహరణమునకు ఆ వృత్తివానినే గ్రహించుటలోని ఔచిత్యము ఇట్లు చూచిన సుబోధమగును. శుద్ధికిని పరీక్షకును కాల్చుట కలదు గనుక, ఇదియొక్కటియే హేతువని నిర్బంధింపను. నా పూర్వపు పాఠము అసమగ్రమని మాత్రము ఒప్పుకొందును. ఈ సూత్రమును బోధించువారు రూపసిద్ధితో నిలువక, విద్యార్థులను ఒకమారు దాగలియొద్దకు తీసికొనిపోవుదురుగాక.