కంప్యూటర్లో లేదంటే లేనట్టేనా?

చిరంజీవి బుజ్జికి,

ఇంటర్ పరీక్షలు అయిపోయాయనీ, డిగ్రీలో చేరేలోపు మీ ఊరి సెంటర్లో మూడు నెలల కంప్యూటర్ కోర్సుకు ఫీజు కట్టావనీ మీ అమ్మ చెప్పింది. కంప్యూటర్ పరిచయం, విండోస్, వర్డ్, ఎక్సెల్, ఇంటర్నెట్ అంటూ పాఠాల జాబితా కూడా ఫోటో తీసి పంపింది. "ఫోన్లో అన్నీ చేస్తూనే ఉన్నాను, ఇంకా కొత్తగా నేర్చుకునేదేముంది" అని నువ్వు గొణుగుతున్నావట. చాలా ఉంది తల్లీ. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

నా ఉద్యోగమంతా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుల్లోనే గడిచిందని నీకు తెలుసు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ 'కార్డ్' అనే పథకం కింద కంప్యూటర్లకు మారింది. అంతకు ముందు ప్రతి దస్తావేజునూ వాల్యూముల్లో చేత్తో, అక్షరం పొల్లుపోకుండా ఎక్కించేవాళ్ళం. భూమి మీద తనఖాలూ అమ్మకాలూ ఏమున్నాయో తెలిపే ఈ.సి. కావాలని ఎవరైనా దరఖాస్తు పెడితే, ఇండెక్సు పుస్తకాలు ఏడాది వెంబడి ఏడాది తిరగేయాలి. కంప్యూటర్లు వచ్చాక, రోజులు పట్టే ఆ పని నిమిషాల్లోకి వచ్చింది. పొద్దున వచ్చిన రైతు మధ్యాహ్నం బస్సుకే కాగితం చేతపట్టుకుని వెళ్తుంటే నాకెంత సంతోషమనిపించేదో మాటల్లో చెప్పలేను. కంప్యూటర్ సామాన్యుడికి మేలు చేస్తుందని నేను నమ్ముతాను, కళ్ళారా చూశాను కనుక.

అయితే ఆ కౌంటర్ల దగ్గరే కొత్తగా ఒక మాట పుట్టింది: "కంప్యూటర్లో లేదండీ." అది వినగానే ఎదుటివాడు లేనే లేదనుకుని వెనక్కి తిరుగుతాడు. ఇప్పటికీ మన రెండు రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లో ఈ.సి. వెతికితే 1983 నుంచి రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. 1975లో రాసిన దస్తావేజు అందులో రాదు, అది పాత వాల్యూములోనే ఉంటుంది. కొన్నిసార్లు లోపల ఉన్నది కూడా దొరకదు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఇంకొకరు ఎక్స్ పెట్టి రాస్తారు. మనకు ఒకే మనిషి, యంత్రానికి ఇద్దరు. అందుకే నీ కోర్సులో ఏ పాఠం నడుస్తున్నా ఈ మాట అడుగుతూ ఉండు: ఇందులోకి ఏది ఎక్కింది, ఎవరు ఎక్కించారు, ఏ రూపంలో ఎక్కించారు? కంప్యూటర్ విద్యలో నాకు తెలిసినంతలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు.

మొదటి వారం కంప్యూటర్ తరాలు బట్టీ వేయిస్తారు. వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ఐ.సి. చిప్పులు. పరీక్షకు కావాలి కాబట్టి చదువు, అక్కడ ఎక్కువ కాలం గడపకు. ఆ పాఠాల్లో మనవాళ్ళ ఊసు తరచుగా ఉండదు కాబట్టి రెండు సంగతులు రాసుకో. 1967లో హైదరాబాదులో ఈ.సి.ఐ.ఎల్. అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది, దాన్ని నిలబెట్టినవారు అయ్యగారి సాంబశివరావు గారు. ఆయన పేరే అక్కడి ఎ.ఎస్. రావు నగర్‌కు ఉంది. 1969 నాటికే ఆ సంస్థ నుంచి టి.డి.సి.-12 అనే కంప్యూటర్ వచ్చింది. అప్పటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఈ విద్య మనకు పరాయిదని ఎప్పుడూ అనుకోకు.

బిట్లు, బైట్లు అనే పాఠం వచ్చినప్పుడు మాత్రం నిద్రపోవద్దు. 8 బిట్లు ఒక బైటు అని చెప్పి సారు ముందుకు వెళ్ళిపోతారు. నువ్వు ఆపి, "మరి మన తెలుగు అక్షరం లోపల ఎలా ఉంటుంది సార్?" అని అడుగు. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి 128 స్థానాలు. పెద్దబడి ఎ అక్షరం 65. ఆ పట్టికలో మనకు చోటు లేదు. అందుకని చాలా ఏళ్ళు మన డి.టి.పి. సెంటర్లలో ఒక ఉపాయంతో పని నడిచింది. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టిన ఫాంట్లు చేశారు. తెర మీద తెలుగు, ఫైలు లోపల ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ఎన్నో పెళ్ళి శుభలేఖలు, కథల పుస్తకాలు, ఊరి చరిత్రలు ఆ రూపంలో కూర్చినవే. అచ్చు కాగితం మీద బాగానే ఉన్నాయి, కానీ ఆ ఫైళ్ళలో ఒక్క తెలుగు మాట వెతికినా దొరకదు. నాకు అది చాలా బాధ కలిగించే విషయం.

1991లో మొదటి సంపుటి వెలువడిన యూనికోడ్‌తో ఆ చిక్కు విడిపోయింది. ప్రతి లిపికీ సొంత స్థానాలు ఇచ్చారు. తెలుగుకు 3072 నుంచి 128 స్థానాలు ఉన్నాయి. అ అంటే 3077, క అంటే 3093. క్ష మన కంటికి ఒకే అక్షరం, లోపల మాత్రం క, పొల్లు, ష అని మూడు సంకేతాలు: 3093, 3149, 3127. ఇప్పుడు అందరూ వాడే యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున మొత్తం తొమ్మిది బైట్లు. ఎస్.ఎమ్.ఎస్. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టి, తెలుగులో 70కే నిండిపోవడం వెనక ఉన్నదీ ఇలాంటి లెక్కే. ఇది తెలిసినవాళ్ళకు మరొకటి కూడా అర్థమవుతుంది. 'దుఃఖం' రాయడానికి చాలామంది విసర్గ బదులు కోలన్ నొక్కుతారు. కంటికి తేడా కనిపించదు. విసర్గ స్థానం 3075, కోలన్ స్థానం 58. విసర్గతో వెతికితే కోలన్‌తో రాసినవి రావు. అలాగే 'ఫోన్లో' అని కలిపి రాయడం వేరు, 'ఫోన్‌లో' అని విడిగా కనబడేలా రాయడం వేరు. రెండోదాంట్లో న్ తర్వాత కంటికి కనిపించని ఒక సంకేతం దాగి ఉంటుంది.

కాబట్టి తెలుగు టైపింగు నేర్చుకో. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెలుగులోకి మార్చే పద్ధతి నీకు ఫోన్లో అలవాటే, తొందర పనికి అది చాలు. రోజూ పేజీలకు పేజీలు కొట్టే ఉద్యోగానికి ఇన్‌స్క్రిప్ట్ మంచిది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. తెలుగులో క ఏ మీట మీద ఉందో హిందీ, కన్నడ లిపుల్లోనూ అదే మీట మీద ఉంటుంది. విండోస్‌లోనే ఉంది, వేరే కొనక్కర్లేదు. పాతకాలంలో టైపు ఇన్‌స్టిట్యూట్లో లోయరు, హయ్యరు పాసైనవాళ్ళలా మీటల వంక చూడకుండా కొట్టడం అలవాటు చేసుకో. కళ్ళు చదవాల్సిన కాగితం మీద ఉంటేనే తప్పులు తగ్గుతాయి.

ఎక్సెల్ మీద నీకు ప్రత్యేకంగా చెప్పాలి. మూడు నెలల్లో నీకు ఉద్యోగం ఇప్పించగలిగింది అదొక్కటే, అందరి కొంపా ముంచగలిగిందీ అదే. ఇంటి నంబరు 5-12 అని కొట్టి ఎంటర్ నొక్కి చూడు, తేదీ అయిపోతుంది. సర్వే నంబరు 12/3 కూడా అంతే. తర్వాత ఆ గడిని టెక్స్ట్‌గా మార్చినా పాత నంబరు తిరిగి రాదు, ఏదో ఐదంకెల సంఖ్య వస్తుంది. ముందు సున్నాలున్న ఖాతా నంబరు కొడితే సున్నాలు ఎగిరిపోతాయి. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెలే సరిగా నిలుపుకుంటుంది కాబట్టి 16 అంకెల నంబరు కొడితే చివరి అంకె సున్నా అవుతుంది. ఎక్కడా ఎర్రగీత రాదు, ఎవరూ హెచ్చరించరు. ఇలాంటి నంబర్లు కొట్టబోయే ముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. ఇది కొత్తవాళ్ళకే వచ్చే కష్టం కాదు. మార్చ్1, సెప్ట్1 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండడంతో శాస్త్రవేత్తలు 2020 నాటికి ఆ పేర్లనే మార్చుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఇంగ్లండులో కోవిడ్ లెక్కల దగ్గర ఇంకా పెద్ద నష్టం జరిగింది. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలే పడతాయి. అవి నిండాక వచ్చిన పేర్లు చెప్పాపెట్టకుండా రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు లెక్కలోకి రాలేదు. వాళ్ళను కలిసినవారికి జాగ్రత్త చెప్పడం ఆలస్యమైంది. ఆ 15,841 మందీ కంప్యూటర్లో లేరు, ఊళ్ళలో ఉన్నారు.

ఫైళ్ళు, ఫోల్డర్ల పాఠాన్ని మీ వయసు పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు. ఫోన్లో ఏ ఫోటో ఎక్కడుందో చూడాల్సిన అవసరం రాలేదు మీకు, యాప్ తెరిస్తే కనిపిస్తుంది. ఆఫీసులో అలా కుదరదు. ఫైలుకు పేరు పెట్టడం, తేదీ చేర్చడం, ఏది ఎక్కడుందో చెప్పగలగడం ఉద్యోగంలో సగం పని. ముఖ్యమైనదేదైనా రెండు వేర్వేరు చోట్ల ఉంచు. ఒకే హార్డ్ డిస్కులో రెండు ఫోల్డర్లు అంటే రెండు చోట్లు కాదు.

ఇంటర్నెట్ దగ్గర నీకు వాడకం నేర్పాల్సిన పనిలేదు, అపోహలు తీసేయాలి. బ్రౌజర్లో తాళం గుర్తు ఉంటే మంచి సైటు అనుకుంటారు. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తోందని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నవాడు దొంగ అయినా తాళం ఉంటుంది. డబ్బు రావడానికి యు.పి.ఐ. పిన్ అక్కర్లేదు, అందుకోసం పిన్ కొట్టమని ఎవరైనా అంటే అది మోసం. డబ్బు రావాలంటే క్యూ.ఆర్. స్కాన్ చేయమన్నా అంతే. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇవి నీకంటే ముందు మీ అమ్మకూ, పక్కింటి మామ్మగారికీ చెప్పు. పింఛను డబ్బులు పోగొట్టుకునేది వాళ్ళే.

ఇప్పుడు అందరూ చాట్‌బాట్లను అడుగుతున్నారు, నువ్వూ అడుగు, పాఠం అర్థం కాకపోతే రెండోసారి అడగడానికి మొహమాటం ఉండదు. అయితే అది మాటలను మాటల వెంట అమర్చి చెబుతుంది, తెలియని చోట కూడా అంతే నమ్మకంగా చెబుతుంది. పేరు, తేదీ, చట్టం సెక్షను లాంటివి చెప్పినప్పుడు అసలు కాగితం తీసి సరిచూడు. ఈ.సి.ని పట్టుకుని పొలం కొనబోయేవాళ్ళకు నేను చెప్పిన మాటే ఇదీ.

ఇక నీకొక పని. మీ ఇంట్లో బీరువా పై అరలో తాతయ్య 1968లో కొన్న పొలం దస్తావేజు ఉంది. నేను చెప్పిన 1983కు ముందుది కాబట్టి ఆన్‌లైన్‌లో ఎవరికీ కనిపించదు. ముందు దాన్ని జాగ్రత్తగా స్కాన్ చేయించు. తర్వాత యూనికోడ్ తెలుగులో మొత్తం టైపు చెయ్యి. పాత గొలుసుకట్టు రాత, కష్టపడతావు. మీ అమ్మను పక్కన కూర్చోబెట్టి గట్టిగా చదివించు, నువ్వు కొట్టు. స్పెల్లింగు తప్పుగా కనిపించినా సరిచేయకు, ఎలా ఉందో అలాగే ఉంచి పక్కన కుండలీకరణంలో నీ సందేహం రాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు వేరే ఎక్సెల్ షీటులో పెట్టు, కాలమ్ టెక్స్ట్‌గా మార్చిన తర్వాతే సుమా. ఆ షీటులో ఎవరు ఎక్కించారు, ఏ తేదీన, ఏ కాగితం చూసి అనే మూడు కాలమ్‌లు తప్పక ఉండాలి. అయ్యాక నాకు మెయిల్ చెయ్యి. నా దగ్గరున్న నకలుతో పక్కపక్కన పెట్టి సరిచూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ