పరిచయమా, పరాభవమా?
విద్యాలయములలో ర్యాగింగు - కుటుంబముల కర్తవ్యము

అల్లమప్రభువు శూన్యసింహాసనము నధిష్ఠించియున్న అనుభవ మంటపమునకు అక్కమహాదేవి క్రొత్తగా వచ్చినపుడు శరణులు ఆమెను ప్రశ్నించిరని శూన్యసంపాదనము తెలుపుచున్నది. ఆ ప్రశ్నలు మృదువైనవి కావు. అడిగినవారు పెద్దలు, నిలిచినది ఒంటరిగా వచ్చిన యువతి. అయినను ఆ పరీక్ష ఆమెను క్రుంగదీయుటకు జరిగినది కాదు. ఆమెలోని జ్ఞానము వెలికి రాగా శరణసమాజము ఆమెకు తలవంచెను. వయసున చిన్నదైనను "అక్క" యని గౌరవించెను. క్రొత్తగా వచ్చినవారిని పెద్దలు ప్రశ్నించుట దోషము కాదు. ఆ ప్రశ్న ముగిసిన పిమ్మట వచ్చినవారు తలయెత్తి నిలిచిరా, తలవంచుకొని పోయిరా యనునదే చూడదగినది.

నేడు కళాశాలలలో పై తరగతుల వారు క్రొత్త విద్యార్థులను పిలిపించుకొని చేయు దానికిని "పరిచయము" అనియే పేరు. కాని జరుగునది వేరు. రాత్రివేళ గదికి రప్పించి గంటల తరబడి నిలువబెట్టుదురు. వంగి సలాములు చేయింతురు. తమ బట్టలు ఉతికింతురు, తమ రికార్డులు వ్రాయింతురు. అసభ్యమైన మాటలు పలికింతురు. కులమేదని, తండ్రి సంపాదన యెంతయని అడిగి నవ్వుదురు. ఇప్పుడు సెల్‌ఫోను కూడ ఇందుకు సాధనమైనది. ఎదుట నిలువబెట్టకయే సందేశముల ద్వారా ఆజ్ఞలిచ్చుటయు, అవమానమును చిత్రీకరించి పదిమందికి పంపుటయు జరుగుచున్నవి.

చట్టము ఏమనుచున్నది?

1997లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ర్యాగింగు నిషేధ చట్టమును చేసెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మటను రెండు రాష్ట్రములందును అది అమలులో నున్నది. విద్యార్థికి అవమానము గాని, భయము గాని, బెదిరింపు గాని, గాయము గాని కలిగించు కార్యము, కలిగింపగల కార్యము కూడ, ఆ చట్టము ప్రకారము ర్యాగింగే. "హాస్యమునకు చేసితిమి" అను సాకు ఈ నిర్వచనము ముందు నిలువదు. ఎగతాళి చేసి అవమానించినను 6 నెలల వరకు జైలుశిక్ష, లేక 1,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ర్యాగింగు వలన ప్రాణము పోయినను, విద్యార్థి ఆత్మహత్యకు అది కారణమైనను శిక్ష యావజ్జీవము వరకు పోవును. ఫిర్యాదు వచ్చినను చర్య తీసికొనక ఉపేక్షించిన విద్యాసంస్థాధికారి ఆ నేరమునకు తోడ్పడినవాడుగా నెంచబడును.

2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లోని యొక వైద్యకళాశాల విద్యార్థి పై తరగతివారి దెబ్బలకు మరణించెను. అదే సంవత్సరము విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యు.జి.సి., దేశమంతటికి నిబంధనలను ప్రకటించెను. ప్రవేశ సమయమున విద్యార్థియు, తల్లిదండ్రులును ప్రమాణపత్రము నీయవలెను. ప్రతి సంస్థయందును నిరోధక సంఘమును, వసతిగృహములను ఆకస్మికముగా తనిఖీ చేయు బృందమును ఉండవలెను. శిక్షాస్మృతి క్రిందికి వచ్చు నేరము జరిగినట్లు తెలిసిన 24 గంటలలో సంస్థాధిపతి పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. 2016లో మరియొక సవరణ వచ్చెను. కులము, మతము, వర్ణము, ప్రాంతము, భాష, రూపము, ఆర్థికస్థితి మొదలగు వానిని బట్టి చేయు శారీరక, మానసిక హింస కూడ ర్యాగింగేయని అది స్పష్టపరచినది. మాదార చెన్నయ్యను, మడివాళ మాచయ్యను, హరళయ్యను పుట్టుకను బట్టి గాక శీలమును బట్టి గౌరవించిన బసవేశ్వరుని మార్గమున నడచు కుటుంబములకు ఈ సవరణ క్రొత్త మాట కాదు.

మౌనమే దీని బలము

ఇన్ని నిబంధనలున్నను ఈ దురాచారము నిలిచియుండుటకు ముఖ్యకారణము మౌనము. బాధపడినవాడు చెప్పడు. చెప్పినచో పిరికివాడందురని సిగ్గు. మూడేండ్లు, నాలుగేండ్లు అక్కడనే యుండవలె గదా యని భయము. చూచినవాడు "నాకేల" యని తొలగిపోవును. తండ్రి "మేమును పడితిమి, అదియే సర్దుకొనును" అనును. మరుసటి యేడు ఆ బాధితుడే పై తరగతికి చేరి, తాను పడినదానిని క్రొత్తవానిపై తీర్చుకొనును. ఈ గొలుసు తెగవలెనన్న ఎవరో యొకరు నోరు విప్పవలెను. ఫిర్యాదు చేయుట తోటివానికి చేయు ద్రోహము కాదు. రాబోవు విద్యార్థులకు చేయు మేలు.

కుటుంబములు చేయవలసినది

1. కళాశాలకు పంపుటకు ముందే బిడ్డతో ఈ విషయము మాటలాడవలెను. "ఏమి జరిగినను నీ తప్పు కాదు, మాతో చెప్పుము" అని ధైర్యము నీయవలెను.

2. తొలి మూడు నెలలు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. నిద్ర లేమి, భోజనముపై అయిష్టము, ఫోనులో మాటలు తగ్గుట, కారణము చెప్పక ఇంటికి వచ్చెదననుట, మాటిమాటికి డబ్బు అడుగుట, ఇవి కనిపించినచో గద్దింపక నెమ్మదిగా అడుగవలెను; వీలైనచో స్వయముగా పోయి చూడవలెను.

3. జరిగిన తేదీ, వేళ, స్థలము, చేసినవారు, చూచినవారు, ఇవి వ్రాసి యుంచవలెను. ఫోనులోని సందేశములను చెరుపరాదు.

4. వార్డెనుకు గాని, ప్రిన్సిపాలుకు గాని, నిరోధక సంఘమునకు గాని వ్రాతమూలకముగా ఫిర్యాదిచ్చి, అందినట్లు సంతకము తీసికొనవలెను. దెబ్బలు తగిలినచో, ప్రాణభయమున్నచో ఆలస్యము చేయక పోలీసులను ఆశ్రయింపవలెను.

5. 1800-180-5522 అను జాతీయ సహాయ సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. బాధితుడే చేయనక్కరలేదు, అతని స్నేహితుడు గాని, తల్లిదండ్రులు గాని చేయవచ్చును.

వసతిగృహములను నడుపు మఠములకును ఇందు బాధ్యత కలదు. క్రొత్తవారికి వీలైనంతవరకు వేరుగా వసతి కల్పించుట, రాత్రివేళ పర్యవేక్షించుట, పేరు చెప్పకయే ఫిర్యాదు వేయుటకు పెట్టె నుంచుట కష్టమైన పనులు కావు. పెద్ద విద్యార్థులే మొదటి దినమున క్రొత్తవారికి భోజనము వడ్డించు నియమము పెట్టినచో, దాసోహ మనగా నేమో వారికి వేరుగా బోధింప నక్కరలేదు.

చేసినవాడు మన బిడ్డయైనచో?

ఇది అన్నింటికంటె కఠినమైన ప్రశ్న. తన బిడ్డ ఏడ్చినపుడు న్యాయము కోరు తండ్రి, తన బిడ్డ యేడ్పించినపుడు పలుకుబడిని వెదకుట లోకములో కనబడుచున్నది. అట్లు తప్పించిన తండ్రి బిడ్డను రక్షించినవాడు కాడు. మరింత పెద్ద తప్పునకు దారి చూపినవాడగును. బిడ్డచే సత్యము చెప్పించి, బాధితుని క్షమాపణ కోరించి, సంస్థ విధించు శిక్షను అనుభవింపజేయుటయే నిజమైన వాత్సల్యము.

ఎదుటివానిని "అయ్యా" యని పిలుచుట శరణుల యింట పసితనము నుండియే నేర్పు మర్యాద. ఇంటిలో నేర్చిన ఆ పిలుపు వసతిగృహపు గదిలో, పెద్దల కన్ను లేని రాత్రివేళ కూడ నోట నిలిచినపుడే ఆ నేర్పు సార్థకమగును.