నిలువ నీడ

కూడు, గుడ్డ, గూడు. మనిషికి ఈ మూడూ కావాలి.

ఒక పూట కూడు తప్పితే నీళ్లు తాగి పడుకోవచ్చు. గుడ్డ చిరిగితే కుట్టుకోవచ్చు. గూడు పోతే పడుకోవడానికే చోటుండదు. మగవాడైతే ఏ అరుగు మీదో నడుం వాలుస్తాడు. ఆడది పిల్లల్ని వెంటబెట్టుకుని చీకట్లో ఎక్కడికి పోతుంది?

ఈ పాఠం ఆ ప్రశ్న గురించే.

గూడు ఎలా పోతుంది?

నల్లపాడు గుంటూరు పక్కనే ఉంది. 2012లో గుంటూరు నగరంలో కలిసింది. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు. గుంటూరులో పెద్ద మిరప యార్డు ఉంది. కాయ కోయడానికి, తొడిమలు తీయడానికి, బస్తాలు మోయడానికి ఎందరో కూలీలు కావాలి. ఈ ఊళ్లకు పని ఉంది. పని చేసేవాళ్లందరికీ ఇల్లు మాత్రం లేదు.

గూడు పోవడానికి ముఖ్యంగా నాలుగు కారణాలు.

ఒకటి, నిప్పు. ఎండాకాలంలో గాలి తోలుతుంది. పొయ్యిలో నిప్పురవ్వ లేచి తాటాకు మీద పడితే చాలు. ఒక పాక అంటుకుంటే పక్క పాకలు కూడా బూడిదవుతాయి. గాలివాన వచ్చినా అంతే, పైకప్పు లేచిపోతుంది.

రెండు, ఇంట్లో కొట్టి తరిమేయడం. తాగి వచ్చిన మొగుడు "పో బయటికి" అంటాడు. మొగుడు పోయినాక అత్తింటివాళ్లు "నీకిక్కడేం పని" అంటారు.

మూడు, అద్దె. రెండు నెలలు పని లేకపోతే అద్దె బాకీ పడుతుంది. ఇంటాయన సామాను బయట పెట్టిస్తాడు.

నాలుగు, వలస. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి, అనంతపురం వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో వస్తారు. చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని నెలల తరబడి ఉంటారు. వాళ్లకు ఊళ్లో ఇల్లుంది. కానీ ఆ ఇంట్లో పని లేదు. పని ఉన్నచోట ఇల్లు లేదు.

ఇది సిగ్గుపడే సంగతా?

ఒక తల్లి పాక కాలిపోయిందనుకుందాం. ఇద్దరు పిల్లలు. ఆమె, పక్కింటి పెద్దావిడ ఇలా మాట్లాడుకుంటున్నారు.

"గవర్నమెంటోళ్లు నడిపే ఇంట్లో పడుకోవాలా పిన్నీ? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ నీ పిల్లల్ని పడుకోబెట్టుకుంటారా అమ్మాయ్?"

"అడుక్కున్నట్టు ఉంటుంది కదా."

"అడుక్కోవడం కాదే. అది మన హక్కు. కష్టపడి బతికేవాళ్లమే కదా మనం! కాలం కలిసిరాక వీధిన పడ్డాం. ఇవాళ నువ్వు, రేపు ఇంకొకరు."

పెద్దావిడ చెప్పింది నిజం. బొంబాయిలో రోడ్ల పక్కన ఉండేవాళ్ల కేసులో 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బతికే హక్కులో బతుకుతెరువు హక్కు కూడా ఉందని చెప్పింది. చెప్పాపెట్టకుండా గుడిసెలు పీకేయకూడదని, ముందుగా నోటీసు ఇవ్వాలని కూడా చెప్పింది. 1996లో ఇంకో కేసులో, ఉండడానికి నీడ కూడా బతికే హక్కులో భాగమేనని చెప్పింది.

కాబట్టి తలదాచుకోను చోటు అడగడం తప్పు కాదు. సిగ్గుపడి, పిల్లలతో రోడ్డు మీద రాత్రి గడపడమే ప్రమాదం.

మొదటి రాత్రి ఎక్కడ?

నగరాల్లో ఇల్లు లేనివారి కోసం వసతి గృహాలు పెట్టారు. వీటిని నిరాశ్రయుల వసతి గృహాలు అంటారు. ఆఫీసుల్లో "నైట్ షెల్టర్" అని కూడా అంటారు. ఆశ్రయం అంటే నీడ. నిరాశ్రయులు అంటే నీడ లేనివారు.

ఢిల్లీ చలిలో వీధుల్లో పడుకున్నవారి కష్టాలు 2010లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చాయి. పెద్ద నగరాలన్నిటిలో ఇలాంటి వసతి ఉండాలని కోర్టు చెప్పింది. 2013లో కేంద్ర ప్రభుత్వం దీనికి ఒక పథకం తెచ్చింది. లక్ష మంది ఉన్న పట్టణంలో కనీసం 100 మందికి చోటు ఉండాలని అందులో రాశారు. మంచినీళ్లు, మరుగుదొడ్డి, దీపం, వంటకు చోటు ఉండాలన్నారు. ఆడవాళ్లకు విడిగా ఏర్పాటు ఉండాలన్నారు.

ఒక లెక్క చేద్దాం. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జనం ఆరు లక్షలు దాటారు. లక్షకు 100 మంది చొప్పున ఆరు లక్షలకు ఎంతమందికి చోటు ఉండాలి? 6 × 100 = 600. అంటే కనీసం 600 మందికి. మీ పట్టణంలో ఎంతమందికి చోటుందో మునిసిపాలిటీ ఆఫీసులో అడగండి. తక్కువ ఉంటే, ఎందుకు తక్కువో కూడా అడగండి.

వసతి గృహం ఎక్కడుందో తెలియకపోతే వార్డు సచివాలయంలో అడగాలి. రాత్రి వేళ అయితే 112కి ఫోను చేయాలి. కాగితాలు కాలిపోయాయని వెనకాడవద్దు. కాలిపోయాయనే చెప్పాలి.

లోపలికి వెళ్లగానే మూడు సంగతులు చూసుకోవాలి. ఆడవాళ్ల గదికి లోపలి నుంచి గడియ ఉందా? మరుగుదొడ్డి దారిలో దీపం ఉందా? రాత్రి కాపలా ఎవరు? ఏదైనా తేడాగా అనిపిస్తే నోరు మూసుకుని ఉండొద్దు.

కొట్టి తరిమితే

దెబ్బలు తిన్న ఆడమనిషి ముందు చేయాల్సింది 181కి ఫోను. ఇది మహిళల కోసం పెట్టిన నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది.

2015 నుంచి జిల్లాల్లో సఖి కేంద్రాలు పెట్టారు. వీటినే వన్ స్టాప్ సెంటర్లు అంటారు. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కొద్ది రోజుల వసతి ఒకేచోట దొరకాలని వీటిని పెట్టారు. అక్కడ ఐదు రోజుల వరకు ఉండవచ్చు. ఆడపిల్లలను, చిన్న మగపిల్లలను వెంట ఉంచుకోవచ్చు. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే శక్తి సదన్ అనే వసతి గృహానికి పంపుతారు. ఇదివరకు వీటిని స్వధార్ గృహాలు అనేవారు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. 2005లో గృహహింస చట్టం వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అది అమలవుతోంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆ ఇల్లాలికి ఉంది. చట్టం ఒప్పుకోకుండా ఆమెను గెంటేయడానికి వీల్లేదు. ఆ ఇంట్లో ఉండనివ్వమని కోర్టు ఉత్తర్వు ఇవ్వగలదు. వేరే ఇంటికి అద్దె కట్టమని మొగుడికి చెప్పగలదు కూడా.

"లాయరుకు డబ్బులేవి?" అంటారు. ఆడవాళ్లకు ప్రభుత్వమే లాయరును ఉచితంగా ఇస్తుంది. ఆదాయం ఎంత అన్నది చూడరు. జిల్లా కోర్టులో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. దాని నంబరు 15100.

ఇల్లు కాలితే

ముందు మనుషులు, పశువులు బయటికి. తర్వాత 101కి ఫోను. మంట ఆరాక ఈ పనులు వరసగా చేయాలి.

1. తహశీల్దారు ఆఫీసుకు అదే రోజు చెప్పాలి. రెవెన్యూ మనిషి వచ్చి చూసి పంచనామా రాస్తారు. పంచనామా అంటే చూసింది చూసినట్టు రాసిన కాగితం.

2. ఆయన వచ్చి చూసేదాకా బూడిద ఎత్తిపోయకూడదు. ఫోను ఉన్నవాళ్లతో ఫోటోలు తీయించాలి.

3. పోయిన వస్తువుల పట్టీ రాయాలి. బియ్యం, గిన్నెలు, బట్టలు, మంచం, పిల్లల పుస్తకాలు, అన్నీ.

4. పంచనామాలో ఏం రాశారో చదవాలి. చదవకుండా సంతకం పెట్టకూడదు. ఇంత కాలం వేలిముద్ర వేశాం. ఏం రాశారో తెలిసేది కాదు. ఇప్పుడు చదువు వచ్చింది.

ఇలాంటి నష్టాలకు ఇచ్చే సాయం లెక్కను కేంద్ర ప్రభుత్వం 2022లో మార్చింది. ఆ లెక్కలో గుడిసె పోతే 8,000 రూపాయలు. బట్టలకు 2,500, గిన్నెలకు 2,500. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000. ఇప్పుడు ఎంత ఇస్తున్నారో తహశీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

ఈ డబ్బుతో కొత్త ఇల్లు రాదు. నాలుగు నిట్రాళ్లు, కప్పు, రెండు గిన్నెలు వస్తాయి. కానీ వడ్డీ వ్యాపారి దగ్గరకు పరుగెత్తకుండా ఆపుతుంది. నూటికి పది వడ్డీకి తెచ్చుకున్న అప్పు, కాలిన పాక కన్నా ఎక్కువ కాలం మండుతుంది.

కాగితాలు భద్రం

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పట్టా, పిల్లల చదువు కాగితాలు. వీటికి నకళ్లు తీయించి, నమ్మకమైన ఇంకో ఇంట్లో పెట్టాలి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు విడిగా రాసి దాచుకోవాలి. నంబరు ఉంటే కొత్త కార్డు తెచ్చుకోవడం తేలిక.

కోతలకు వచ్చినవారికి

ముఠా మేస్త్రి కూలి రేటు ఒక్కటే చెబుతాడు. ఎక్కడ పడుకోవాలి, నీళ్లు ఎక్కడివి అన్నది ముందే అడగాలి. బయలుదేరక ముందే మాట తీసుకోవాలి.

పురుగుమందు డబ్బాలు పెట్టిన కొట్టంలో పిల్లల్ని పడుకోబెట్టకూడదు. ఆ ఖాళీ డబ్బాలో నీళ్లు తేకూడదు. ఎన్నిసార్లు కడిగినా విషం పోదు.

రేషన్ కార్డు వెంట తెచ్చుకోవాలి. సొంతూరు కాకపోయినా, ఉన్నచోటే చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు. దగ్గరలో ఉన్న అంగన్‌వాడీలో, బడిలో పిల్లల్ని చేర్చమని అడగాలి.

సొంత ఇల్లు

వసతి గృహం కొన్నాళ్లకే. ఆ తర్వాత కావలసింది సొంత ఇల్లు. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. అంత కష్టం గనకే ప్రభుత్వ సాయం కావాలి.

1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది. ఇల్లు ఆడమనిషి పేరున, లేదా ఆలుమగలిద్దరి పేరున ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. పట్టణాలకు 2015లో, పల్లెలకు 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న ఆడవాళ్ల పేరున ఇళ్ల స్థలాల పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టారు.

పట్టా ఆడమనిషి పేరున ఉంటే ఏమిటి లాభం? "పో బయటికి" అనే మాట ఆ ఇంట్లో అంత సులువుగా రాదు.

అయితే పట్టా చేతికి వస్తే ఇల్లు వచ్చినట్టు కాదు. స్థలం ఊరికి ఎంత దూరం? నీళ్లున్నాయా? కరెంటు ఉందా? పనికి పోవడానికి ఆటో ఖర్చు ఎంత? కూలిలో సగం ఆటోకే పోతే ఆ ఇంట్లో ఉండడం కష్టం. ఈ ప్రశ్నలు ఒక్కరు అడిగితే వినరు. పది మంది కలిసి అడగాలి. పొదుపు సంఘం ఉన్నది అందుకు కూడా.

ఇంటి కోసం దరఖాస్తు సచివాలయంలో ఇవ్వాలి. ఇచ్చినట్టు రశీదు తీసుకోవాలి. "ఇల్లు ఇప్పిస్తా, డబ్బు తే" అన్నవాడికి పైసా ఇవ్వకూడదు. పట్టాను తాకట్టు పెట్టకూడదు.

రాయండి

ఈ దరఖాస్తు చూసి, ఖాళీలు నింపి, మీ నోటు పుస్తకంలో రాయండి.

తేదీ: ..........

.......... మండలం తహశీల్దారు గారికి,

అయ్యా,

నా పేరు .......... . మాది నల్లపాడు, .......... వీధి. .......... తేదీన మా పాక కాలిపోయింది. మా ఇంట్లో .......... మందిమి. బట్టలు, గిన్నెలు, బియ్యం అన్నీ పోయాయి. మాకు ఉండడానికి చోటు లేదు. దయచేసి వచ్చి చూసి, నష్టపరిహారం ఇప్పించమని, అప్పటిదాకా ఉండడానికి వసతి చూపించమని కోరుతున్నాను.

ఇట్లు,
(సంతకం)

రెండు కాపీలు రాయాలి. ఒకటి ఆఫీసులో ఇవ్వాలి. రెండో దాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. నోటితో చెప్పిన మాట గాలికి పోతుంది. ముద్ర పడిన కాగితం నిలుస్తుంది.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

112 - ఏ ఆపదకైనా
101 - అగ్నిమాపక దళం
108 - అంబులెన్సు
181 - మహిళలకు సాయం
1098 - పిల్లలకు సాయం
14567 - ముసలివారికి సాయం
15100 - ఉచిత న్యాయ సాయం

కొత్త మాటలు

నిరాశ్రయులు - నీడ లేనివారు
వసతి - ఉండే చోటు
పంచనామా - చూసింది రాసిన కాగితం
నష్టపరిహారం - పోయినదానికి ఇచ్చే డబ్బు
రశీదు - ఇచ్చినట్టు, తీసుకున్నట్టు రుజువు
ఉత్తర్వు - ప్రభుత్వం లేదా కోర్టు ఇచ్చే ఆజ్ఞ

జవాబులు చెప్పండి

1. గూడు పోవడానికి ఈ పాఠంలో ఏ కారణాలు చెప్పారు? మీ ఊళ్లో ఇంకేమైనా కారణాలు ఉన్నాయా?
2. మొగుడి పేరున ఉన్న ఇంట్లోంచి పెళ్లాన్ని తరిమేయవచ్చా? ఎందుకు?
3. పంచనామా మీద సంతకం పెట్టే ముందు ఏం చేయాలి?
4. మూడు లక్షల మంది ఉన్న పట్టణంలో కనీసం ఎంతమందికి వసతి ఉండాలి?

చేయండి

పైన ఉన్న నంబర్లను పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాయండి. మీ వీధిలో అందరికీ కనిపించేచోట కట్టండి. చదువు రానివారికి చదివి వినిపించండి.