వెనుకబల్ల విద్యార్థియు, వినికిడి పరీక్షయు

కొన్ని సంవత్సరముల క్రిందట ఆరవ తరగతిలో నాయొద్ద ఒక బాలుడు చదువుచుండెను. ఉక్తలేఖనమున నేను 'పాట' యనిన అతడు 'పాక' యని వ్రాయును. 'తల' యనిన 'కల' యని వ్రాయును. పిలిచిన ఒక్కొక్కమారు పలుకడు. పరధ్యానముగలవాడని తలంచి నేనతనిని వెనుకబల్లకు పంపితిని. అందుచే నా మాట అతనికి మరింత దూరమయ్యెను. మరుసటి యేడు వేరొక ఉపాధ్యాయుడు అనుమానపడి పరీక్ష చేయింపగా రెండు చెవులయందును లోపము బయటపడెను. నా పొరపాటే ఈ వ్యాసమునకు కారణము.

చెవుడనగా బొత్తిగా వినబడకుండుట యని మనలో పెక్కుమంది తలంతురు. అది సరికాదు. శబ్దపు బలమును డెసిబెలులతో కొలుతురు. మన సాధారణ సంభాషణ సుమారు 60 డెసిబెలులు. మాటలో అచ్చులు బలముగా వినబడును. క, ట, త, స వంటి హల్లులు బలహీనములు, వాని ధ్వని సన్నముగా నుండును. సన్నని ధ్వనులు వినరాని బాలునికి మాట వినబడును గాని, ఏ మాటయో తెలియదు. "కావలసినపుడు వినబడును, పని చెప్పినపుడు వినబడదు" అని యింటివారు కోపపడుట ఇందువలననే.

పరీక్షలో నొప్పి లేదు. పెద్దపిల్లలను నిశ్శబ్దమైన గదిలో కూర్చుండబెట్టి, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించి, స్వరములను క్రమముగా తగ్గించుచు వినిపింతురు. వినబడిన ప్రతిసారియు చేయి యెత్తవలెను. దాని ఫలితమును ఆడియోగ్రామను పటముపై గుర్తింతురు. చేయి యెత్తలేని పసికందునకు వేరు పద్ధతి కలదు. నిద్రించుచుండగా చెవిలో చిన్న గొట్టముంచి టిక్కుటిక్కుమను శబ్దము పంపినచో, ఆరోగ్యముగల లోపలిచెవి దానికి బదులుగా అతిసన్నని ధ్వనిని వెలువరించును. యంత్రము దానిని పట్టును. మొదటి నెలలో ఈ పరీక్షయు, మూడవ నెలలోపల నిర్ధారణయు, ఆరవ నెలలోపల సహాయమును జరుగవలెనని వైద్యుల నియమము. మాటలు నేర్చు కాలము గడచిపోయిన పిదప పోయినది రాబట్టుట మిక్కిలి కష్టము.

మన ఆంధ్రప్రదేశమున దీనికి మార్గమున్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 సంవత్సరముల వరకు పిల్లలను పరీక్షింపవలెను. వైద్యబృందము ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు ఏటికొకమారు రావలెను. గోలగా నుండు వరండాలో చెవి సంగతి తేలదు గనుక, అనుమానముగల పిల్లల పేర్లను ఉపాధ్యాయుడు ముందే వ్రాసియుంచుట మేలు. అచటినుండి జిల్లా ఆసుపత్రికి పంపుదురు. విశాఖపట్టణమున చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేక ప్రభుత్వాసుపత్రియే కలదు. గులిమి పేరుకొనినను, చీము కారుచున్నను చికిత్సతో బాగుపడవచ్చును; కాచిన నూనె పోయుట మాత్రము వలదు.

శ్రవణయంత్రము ఉచితముగా లభించుటకు 1981 నాటి 'ఆడిప్' పథకము కలదు. దానికి 40 శాతము వైకల్యమున్నట్లు సదరము పత్రము కావలెను. చిక్కు ఇచ్చటనే యున్నది. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము రెండు చెవులయందును 60 డెసిబెలుల లోపమునుండియే లెక్కించును. మా బాలుని లోపము సుమారు 45. పత్రము రాలేదు. తండ్రి ఒక పంట సొమ్ము వెచ్చించి యంత్రమును కొనెను. 60 అను గీత కార్యాలయమునకు సరిపోవునేమో గాని, తరగతి గదికి సరిపోదు. అల్పలోపముగల పిల్లలకు సగము వెలకైనను యంత్రమీయవలసియున్నదని నా యభిప్రాయము.

యంత్రము చేతికి వచ్చినంతమాత్రమున పని తీరదు. పిల్లల చెవి పెరుగును గనుక అచ్చును మరల మరల పోయింపవలెను, లేనిచో ఈలవేయును. చిన్న బ్యాటరీలు ఒకటి రెండు వారములకే నశించును. చెమటయు తేమయు దానికి శత్రువులు. కొనిపెట్టు వారు లేక ట్రంకుపెట్టెలలో పడియున్న యంత్రములను నేను చూచితిని.

ఇప్పుడు నా తరగతిలో యంత్రము ధరించు బాలిక యొకతె కలదు. ఆమె మొదటి బల్లలో కూర్చుండును. నల్లబల్లవైపు తిరిగి మాటలాడవలదని ఆమె నన్ను రెండుమారులు హెచ్చరించినది. నా మేజా సొరుగులో బ్యాటరీల డబ్బా యొకటి యుండును. సోమవారమున దానిని చూచుట తరగతి నాయకుని పని.