రోగం ఎటు నుంచి వచ్చింది? జన్యు పరీక్ష చెప్పేదెంత?

ప్రశ్న: నాలుగు నెలలుగా మా తమ్ముడు టీబీ మందులు మింగుతున్నా దగ్గు తగ్గలేదు. ఈలోగా అమ్మకూ టీబీ అన్నారు. తమ్ముడి తెమడను జీనోమ్ సీక్వెన్సింగ్‌కు పంపామని డాక్టరు గారు చెప్పారు. అమ్మకు వాడి నుంచే అంటుకుందా అన్నది అందులో తేలుతుందా? ఇంట్లో రోజూ ఇదే గొడవ.
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ముందు ఆ గొడవ ఆపండమ్మా. తెమడ పంపింది ఎవరు ఎవరికి అంటించారో తేల్చడానికి కాదు, తమ్ముడికి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని ల్యాబ్‌లో పెంచి, ఒక్కో మందూ వేసి చూడాలంటే వారాలు పడుతుంది. సీబీనాట్ యంత్రం సుమారు రెండు గంటల్లో ఫలితమిస్తుంది గానీ, మామూలుగా అది చూసేది రిఫాంపిసిన్ అనే ఒక్క మందుకు సంబంధించిన చిన్న జన్యుభాగాన్నే. పూర్తి సీక్వెన్సింగ్‌లో ఆ క్రిమి జన్యుపటంలోని దాదాపు 44 లక్షల అక్షరాలనూ చదువుతారు. ఐసోనియాజిడ్ మొదలుకొని ఏయే మందులకు అది మొండికేసిందో చాలావరకు ఒకేసారి బయటపడుతుంది.

ఇక మీరడిగిన సంగతి. క్రిమి పెరిగేటప్పుడు తన జన్యువులకు నకలు తీసుకుంటుంది. చేత్తో ఎత్తిరాసేవాళ్లకు ఎక్కడో ఒక అక్షరం తప్పిపోయినట్టే దానికీ తప్పుతుంది. టీబీలో ఈ తప్పులు బాగా అరుదు, సగటున రెండేళ్లకు ఒకటి. అందుకే ఇద్దరి క్రిములకు ఐదు అక్షరాల లోపే తేడా ఉంటే ఈమధ్య ఒకే గొలుసులో అంటుకుని ఉండొచ్చనీ, పన్నెండు దాటితే అలా అంటుకునే అవకాశం తక్కువనీ నిపుణులు లెక్కగడతారు. అమ్మది తమ్ముడిదాంతో అసలు కలవకపోవచ్చు కూడా. టీబీ క్రిమి ఏళ్ల తరబడి ఒంట్లో నిద్రపోయి, వయసు మీద పడ్డాక లేవడం మేం తరచూ చూసేదే. కలిసిందే అనుకుందాం. కొడుకు నుంచి అమ్మకా, అమ్మ నుంచి కొడుక్కా, ఇద్దరికీ మూడో మనిషి నుంచా అన్నది అక్షరాలు మాత్రమే చూసి చెప్పలేం.

అమ్మ తెమడను కూడా మందులకు లొంగుతుందో లేదో పరీక్షించమని అడగండి. తమ్ముడిది మొండి టీబీ అని తేలితే ఆ మాట అమ్మకు వైద్యం చేసే డాక్టరుకు అదే రోజు చేరాలి. ఇంట్లో మిగతావాళ్లంతా, ముఖ్యంగా ఐదేళ్లలోపు పిల్లలు, జిల్లా టీబీ కేంద్రంలో చూపించుకోవాలి.

ప్రశ్న: కరోనా రెండో వేవ్‌లో ‘ఏపీ స్ట్రెయిన్’ పదిహేను రెట్లు ప్రమాదకరమని టీవీల్లో హోరెత్తించారు. మా ఊరి పేరూ లాగారు. అందులో నిజమెంత?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ బాధ న్యాయమైనది. ఎన్440కె అనే మార్పు ఉన్న వైరస్ ఉండటం నిజం. ల్యాబ్‌లో పెంచిన కణాల్లో అది ఎక్కువగా పెరగడమూ నిజం. ఆ ఫలితాన్ని మనుషులకు అన్ని రెట్ల ప్రమాదమన్నట్టు ప్రచారం చేయడమే తప్పు. 2021 మే మొదట్లో ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారికి ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ పెట్టింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తమ సీక్వెన్సులు చూపించి, ఎన్440కె తగ్గిపోతోందనీ, దాని చోటును బి.1.617 లాంటివి ఆక్రమిస్తున్నాయనీ చెప్పారు. ఆ బి.1.617 కుటుంబంలోదే డెల్టా.

ఒక మార్పు ఒక ఊళ్లో కనిపించడం వేరు, వారం వారం దాని వాటా పెరుగుతూ పోవడం వేరు. ప్రజారోగ్యానికి కావలసింది రెండోది. పైగా ఎక్కడ ఎక్కువ నమూనాలు చదువుతారో అక్కడే కొత్త రకం ముందుగా కంటపడుతుంది. అదే ఏడాది నవంబరులో ఒమిక్రాన్‌ను త్వరగా పసిగట్టి లోకానికి చెప్పిన దక్షిణాఫ్రికాకు దక్కింది విమానాల నిషేధం. ఇది అన్యాయమే కాదు, ప్రమాదం కూడా. చెప్పినవాళ్లకే శిక్ష పడితే రేపు ఎవరు చెబుతారు? వేరియంట్లను ఊళ్ల పేర్లతో పిలవకుండా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న గ్రీకు అక్షరాలు తెచ్చింది గానీ, అప్పటికే మనవాళ్లు పడాల్సిన మాటలు పడ్డారు.

ప్రశ్న: మురుగునీటికి కూడా జన్యు పరీక్ష చేస్తారట. అందులో ఎవరి జబ్బని కనిపెడతారు? మా మనవరాలికి మూడు నెలలు, భయమేస్తోంది.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ఎవరిదో కనిపెట్టరు, కనిపెట్టాల్సిన పనీ లేదు. పోలియో వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే కాలో చెయ్యో పడిపోతుంది. చాలామందికి సోకిన సంగతే తెలియదు, కానీ వారాల తరబడి మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. ఆస్పత్రికి ఒక్క బిడ్డా రాకముందే మురుగు ఆ కబురు చెప్పగలదు.

మీ నగరంలోనే ఇది జరిగింది. 2016 ఏప్రిల్ 25న మన దేశంలో పోలియో చుక్కల మందు నుంచి టైప్-2 వైరస్‌ను తీసేశారు. మేలో హైదరాబాద్ మురుగునీటి నమూనా ఒకటి తీసి చూస్తే టైప్-2 దొరికింది. దేశానికి పోలియో రహితమని గుర్తింపు వచ్చి అప్పటికి రెండేళ్లు. పాత మహమ్మారి తిరిగొచ్చిందా అన్న ప్రశ్నకు వైరస్ జన్యుభాగాన్ని చదివితే జవాబు దొరికింది. అది సహజ పోలియో కాదు, చుక్కల మందులోని బలహీన వైరస్ సంతతే. అయితే అక్షరాలు కొన్ని మారాయి. టీకాలు అందని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అలాంటిది తిరుగుతూ తిరుగుతూ మళ్లీ బలం పుంజుకోగలదు. జూన్ 20 నుంచి హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు పోలియో ఇంజెక్షన్ వేసే పని మొదలుపెట్టారు. ఎవరికీ పక్షవాతం రాలేదు. ల్యాబ్ ఇచ్చింది హెచ్చరిక మాత్రమే, పిల్లల్ని కాపాడింది ఏఎన్ఎంలూ ఆశా కార్యకర్తలూ.

2022లో లండన్, న్యూయార్క్ మురుగులోనూ ఇలాంటి వైరసే బయటపడింది. ఈ నిఘా పేద దేశాలకే అనుకోనక్కర్లేదు.

మనవరాలి టీకా కార్డు తీసి చూడండి. ఆరో వారం పోలియో ఇంజెక్షన్ పడి ఉండాలి. పద్నాలుగో వారానిది దగ్గరికొచ్చింది, మూడోది తొమ్మిది నెలలు నిండాక. చుక్కలు వేశారు కదా అని ఇంజెక్షన్ మానకండి. ఏదైనా తప్పిపోయి ఉంటే ఈ వారమే మీ బస్తీ దవాఖానాలో అడిగి వేయించండి.